పెంపకం వేరు, దత్తత వేరు

కాన్పుల వార్డులో పనిచేసిన ప్రతి నర్సుకూ ఈ మాట పరిచయమే. బిడ్డ పుట్టిన రెండో రోజో మూడో రోజో, జనన నమోదు ఫారం నింపే వేళకు ఇంటి పెద్దావిడ ఒకరు పక్కకు పిలుస్తారు. "సిస్టర్, తల్లి పేరు దగ్గర మా కోడలి పేరు రాయండమ్మా. పెంచుకునేది ఆమే కదా" అంటారు. ఆ కోడలికి పెళ్ళయి పదేళ్ళు దాటి ఉంటుంది. కన్నది ఆమె చెల్లెలో, ఆడపడుచో, లేక పెళ్ళికాకుండానే తల్లి అయిన ఎవరింటి ఆడపిల్లో. అడిగేవారి మనసులో చెడ్డ ఏమీ ఉండదు. అయినా మేము రాయము. ఎందుకు రాయమో, అలా రాయకుండానే ఆ కోడలు ఆ బిడ్డకు తల్లి కావడానికి ఏ దారి ఉందో మన సంఘ కుటుంబాలకు తెలియాలి. ముఖ్యంగా క్రైస్తవ కుటుంబాలకు, ఎందుకంటే దత్తత విషయంలో మనకు చాలాకాలం చట్టమే లేదు.

ముందు తల్లిదండ్రులంటే చట్టం దృష్టిలో ఎవరో చూద్దాం. ప్రసవించిన స్త్రీయే తల్లి. చట్టప్రకారం జరిగే సరోగసీ ఒక్కటే దీనికి మినహాయింపు. ఇక తండ్రి మాట. చెల్లుబాటయ్యే వివాహం ఉండగా గాని, ఆ వివాహం ముగిసిన 280 రోజుల లోపు తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకోకుండా ఉండగా గాని పుట్టిన బిడ్డకు ఆ భర్తే తండ్రి అని చట్టం భావిస్తుంది. ఆ కాలంలో భార్యాభర్తలు కలుసుకునే వీలే లేదని రుజువైతే తప్ప ఇది మారదు. 1872 నాటి సాక్ష్య చట్టంలో ఉన్న ఈ నియమమే 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఉంది. గమనించండి, ఇందులో ఎక్కడా "పెంచినవారు" అన్న మాట లేదు.

1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం ఆసుపత్రిలో పుట్టిన ప్రతి బిడ్డ వివరాలనూ 21 రోజుల లోపు రిజిస్ట్రారుకు పంపవలసిన బాధ్యత ఆసుపత్రిదే. అందులో తెలిసి అబద్ధం రాస్తే నేరం. పైగా ఆ చట్టానికి చేసిన సవరణ 2023 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చాక, ఆ తేదీ తరువాత పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడానికి, పాస్‌పోర్టుకు, ఓటరు జాబితాకు, పెళ్ళి నమోదుకు, ప్రభుత్వ ఉద్యోగానికి పుట్టిన తేదీ, పుట్టిన ఊరు రుజువు చేసేది ఈ జనన ధ్రువపత్రమే. బిడ్డ జీవితమంతా నిలబడే కాగితం మీద మొదటి గీతే తప్పు గీస్తే ఎలాగ?

చట్టం సంగతి అలా ఉంచి, నర్సుగా నాకు తెలిసిన సంగతి చెబుతాను. అబద్ధపు కాగితం మందుల దగ్గర, రక్తం దగ్గర బయటపడుతుంది. తల్లిదండ్రులిద్దరిదీ ఓ గ్రూపు రక్తమైతే బిడ్డకు ఏ గాని బి గాని రాదు. పదో తరగతి చదివే పిల్లకు బడిలో రక్తపరీక్ష చేసి కార్డు ఇస్తారు. జీవశాస్త్రం పాఠంలో ఈ లెక్క కూడా అప్పుడే చెబుతారు. ఇంట్లో ఎవరూ నోరు విప్పని సంగతి ఆ పిల్ల తనంతట తాను కనుక్కుంటుంది. తలసేమియా, సికిల్ సెల్ వంటి వంశపారంపర్య వ్యాధుల విషయంలో డాక్టరుగారు "మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?" అని అడిగినప్పుడు పెంచిన తల్లి తన ఇంటి సంగతి చెబుతుంది, బిడ్డది కాదు. ఆపరేషనుకు సంతకం కావలసినప్పుడు, అసలు తల్లిదండ్రులెవరో కాగితాలు ఒకటి, మనుషులు ఒకటి చెబితే మేమెవరి సంతకం తీసుకోవాలి?

తెలుగు ఇళ్ళలో పిల్లల్ని పెంపకానికి ఇవ్వడం, తీసుకోవడం కొత్త కాదు. అన్న పిల్లవాణ్ణి తమ్ముడు పెంచుతాడు. అక్క పిల్లను చెల్లెలు తెచ్చుకుంటుంది. కొడుకులు లేని ఇంట ఇల్లరికపు అల్లుణ్ణి తెచ్చుకుని ఆస్తి రాసే ఆచారం కొన్ని కులాల్లో కోర్టులు కూడా గుర్తించినదే. హిందువులకు 1956లో దత్తత, భరణాల చట్టం వచ్చింది. బౌద్ధులు, జైనులు, సిక్కులు కూడా దాని కిందికే వస్తారు. ఆ చట్టం ప్రకారం బిడ్డను ఇవ్వడం, తీసుకోవడం సక్రమంగా జరిగితే ఆ దత్తతను ఇక రద్దు చేయడానికి వీలు లేదు.

మనకో? క్రైస్తవులకు, ముస్లింలకు, పార్సీలకు మిగిలింది 1890 నాటి సంరక్షకుల చట్టం ఒక్కటే. దాని కింద కోర్టుకు వెళితే మీరు సంరక్షకులవుతారు, తల్లిదండ్రులు కారు. బిడ్డకు మీ ఆస్తిలో హక్కు రాదు. మేజరైన రోజున ఆ సంబంధం కూడా ముగిసిపోతుంది. సండే స్కూలుకు చేయి పట్టుకుని తీసుకువచ్చిన పిల్లకు, పెళ్ళి చేసి పంపిన పిల్లకు, చట్టం దృష్టిలో మీరు ఒకప్పటి సంరక్షకులు మాత్రమే.

ఇది ఉత్త మాటల తేడా అనుకోకండి. ఒక ఉదాహరణ తీసుకుందాం. భార్యాభర్తలు ఒక అమ్మాయిని పసిగుడ్డుగా తెచ్చి పెంచారు, దత్తత చేసుకోలేదు. భర్త వీలునామా రాయకుండా చనిపోయాడు. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం సంతానం లేని క్రైస్తవుని ఆస్తిలో సగం భార్యకు వస్తుంది. మిగతా సగం అతని తండ్రికి, తండ్రి లేకపోతే తల్లికి, తోబుట్టువులకు పోతుంది. పెంచిన కూతురికి ఏమీ లేదు. అదే ఆ అమ్మాయి చట్టప్రకారం దత్తపుత్రిక అయి ఉంటే తల్లికి మూడోవంతు, ఆమెకు మూడింట రెండు వంతులు వచ్చేవి. బతికున్నప్పుడు "నా మేనకోడలు బంగారం" అన్న మేనత్తలే తరువాత వకీలుతో వస్తారు. ఆ ముచ్చట ఎన్ని ఇళ్ళలో చూశామో మీకే తెలుసు.

ఈ పరిస్థితిని మార్చింది బాలల న్యాయ చట్టం. 2000 సంవత్సరపు చట్టం, దానికి 2006లో చేసిన సవరణతో మతంతో పని లేకుండా ఎవరైనా బిడ్డను పూర్తి హక్కులతో దత్తత తీసుకునే దారి ఏర్పడింది. అప్పటికీ "మా మతంలో దత్తత లేదంటారే" అన్న అనుమానం పోలేదు. 2014 ఫిబ్రవరిలో షబ్నం హాష్మీ కేసులో సుప్రీంకోర్టు దాన్ని తేల్చింది: ఈ చట్టం కింద దత్తత చేసుకోవడం ఎవరి ఇష్టం వారిది, చేసుకుంటామన్నవారికి వ్యక్తిగత మత చట్టం అడ్డు రాదు. ఇప్పుడు అమలులో ఉన్నది 2015 నాటి చట్టం. దాని ప్రకారం దత్తత ఉత్తర్వు వచ్చిన రోజు నుంచి ఆ బిడ్డ మీ కడుపున పుట్టిన బిడ్డతో అన్నివిధాలా సమానం. కన్నవారి కుటుంబంతో చట్టబంధం తెగిపోతుంది. అయితే అప్పటికే బిడ్డ పేర ఉన్న ఆస్తి బిడ్డతోనే ఉంటుంది.

2022 సెప్టెంబరు 1 నుంచి ఈ ఉత్తర్వు ఇచ్చేది కోర్టు కాదు, జిల్లా కలెక్టరు. చాలామంది పాత మాట విని ఇంకా నాంపల్లి కోర్టుల చుట్టూ తిరుగుతున్నారు. అక్కడ స్టాంపు కాగితం మీద "ఈ బిడ్డను దత్తత ఇచ్చితిమి, పుచ్చుకొంటిమి" అని రాసి నోటరీ ముద్ర వేయించుకుంటే పని అయిపోయిందనుకుంటారు. కాలేదు. బాప్తిస్మపు రిజిస్టరులో తల్లిదండ్రులుగా మీ పేర్లు ఉన్నా, ఆధార్‌లో ఉన్నా, రేషను కార్డులో ఉన్నా దత్తత అయినట్టు కాదు. పాస్టరుగారిని ఈ విషయంలో ఇబ్బంది పెట్టవద్దని మనవి. ఇంకొక సంగతి కొంచెం నొచ్చుకునేదే అయినా చెప్పాలి. "మా సర్టిఫికెట్లలో హిందువులమనే ఉంది కదా, ఆ చట్టం కింద దస్తావేజు రిజిస్టరు చేయించుకుంటాం" అంటారు కొందరు. ఆస్తి తగాదా వచ్చిన రోజున ఎదుటి వకీలు మొదట తెరిపించేది చర్చి రిజిస్టరునే. మతంతో పని లేని చట్టం చేతిలో ఉండగా ఆ చిక్కు ఎందుకు?

బంధువుల బిడ్డ అయితే దారి తేలిక. చట్టం బంధువులంటే ఎవరో కూడా చెప్పింది: బిడ్డకు తండ్రి వైపు గాని తల్లి వైపు గాని పెదనాన్న, చిన్నాన్న, మేనత్త, మేనమామ, పెద్దమ్మ, పిన్ని, తాతలు, అమ్మమ్మ, నానమ్మ. దూరపు వరస ఏదీ ఈ లెక్కలోకి రాదు. కారా అని పిలిచే కేంద్ర దత్తత వనరుల సంస్థ వారి కేరింగ్స్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. కన్న తల్లిదండ్రుల సమ్మతి కావాలి, బిడ్డకు ఐదేళ్ళు దాటితే బిడ్డ సమ్మతి కూడా కావాలి. జిల్లా బాలల పరిరక్షణ విభాగం వారు ఇంటికి వచ్చి విచారించి నివేదిక తయారు చేస్తారు. దాని మీద కలెక్టరు ఉత్తర్వు ఇస్తారు, అందుకు చట్టం పెట్టిన గడువు రెండు నెలలు. ఇక్కడ దంపతుల వయసు పరిమితి అడ్డు రాదు. మొదట చెప్పిన ఆ కోడలు చెల్లెలి బిడ్డకు ఈ దారినే తల్లి కావచ్చు. ఉత్తర్వు వచ్చాక రిజిస్ట్రారు జనన ధ్రువపత్రంలో ఆమె పేరే వేస్తారు, అబద్ధం లేకుండా.

బంధువు కాని బిడ్డ కావాలంటే కూడా నమోదు ఆ పోర్టల్‌లోనే. దంపతులకు పెళ్ళయి రెండేళ్ళయినా నిండాలి. రెండేళ్ళ లోపు బిడ్డ కావాలంటే ఇద్దరి వయసూ కలిపి 85 దాటకూడదు. ఒంటరి స్త్రీ మగబిడ్డనైనా ఆడబిడ్డనైనా తీసుకోవచ్చు, ఒంటరి పురుషునికి ఆడపిల్లను ఇవ్వరు. సామాజిక కార్యకర్త ఇంటికి వచ్చి చూస్తారు. రుసుము నియమాల్లో రాసి ఉంటుంది, రసీదు లేకుండా ఎవరికీ ఒక్క రూపాయి ఇవ్వనక్కరలేదు. ఎదురుచూపు మాత్రం ఏళ్ళ మీద ఉంటుంది. దేశం మొత్తం మీద వరుసలో ఉన్నవారు 30 వేలకు పైనే, దత్తతకు సిద్ధంగా ఉన్న పిల్లలు అందులో కొద్దిమందే. పెదవి చీలిక, గుండెలో రంధ్రం వంటివి ఉన్న పిల్లల కోసం అడిగేవారు తక్కువ. పెదవి చీలిక ఆపరేషనుతో ఎంత బాగా సరిపోతుందో మేము చూస్తూనే ఉంటాము. బిడ్డ వైద్య నివేదిక ఇస్తారు, భయపడి వద్దనే ముందు దాన్ని మీ పిల్లల డాక్టరుకు ఒకసారి చూపించండి.

ఆ ఎదురుచూపు భరించలేకే దళారుల చేతిలో పడతారు. మన నగరానికి ఈ విషయంలో మంచి పేరు లేదు. 1999లోను, 2001లోను హైదరాబాదులోని దత్తత కేంద్రాల గుట్టు బయటపడింది. దేవరకొండ వైపు తండాల్లో లంబాడీ కుటుంబాల ఆడశిశువులను కొద్దిపాటి డబ్బిచ్చి తెచ్చి, దొంగ కాగితాలతో విదేశాలకు దత్తత పంపుతున్నారని తేలింది. 2024 మేలో రాచకొండ పోలీసులు శిశువులను అమ్మే ముఠాను పట్టుకుని పదిమందికి పైగా పిల్లలను కొన్నవారి ఇళ్ళ నుంచి తీసుకువెళ్ళారు. నెలల తరబడి ముద్దు చేసిన తల్లులు హైకోర్టు దాకా వెళ్ళారు. 2025 జూలైలో సికింద్రాబాదులోని ఒక సంతాన కేంద్రం కేసులోనైతే, సరోగసీ ద్వారా పుట్టిన మీ బిడ్డేనని లక్షలు తీసుకుని ఇచ్చిన శిశువుకు ఆ దంపతులతో డీఎన్‌ఏ కలవలేదు. బిడ్డను కొన్నా అమ్మినా ఐదేళ్ళ దాకా కఠిన జైలుశిక్ష, లక్ష రూపాయల జరిమానా. ఆసుపత్రి బాధ్యులే ఆ పని చేస్తే శిక్ష మూడు నుంచి ఏడేళ్ళు. మా సంతకం కోసం బతిమాలేవారు ఇది కూడా గుర్తుంచుకోవాలి.

పెళ్ళికాని అమ్మాయిల సంగతి. ఈ ఇళ్ళలో బిడ్డ కంటే ముందు పరువు గుర్తుకు వస్తుంది. రాత్రికి రాత్రి బిడ్డను ఎవరికో అప్పగించి అమ్మాయిని ఊరు మార్చేస్తారు. అంత అవసరం లేదు. బిడ్డను పెంచుకోవాలని ఆ అమ్మాయికే ఉంటే తండ్రి పేరు చెప్పనక్కరలేకుండానే బిడ్డకు జనన ధ్రువపత్రం వస్తుంది. 2015లో సుప్రీంకోర్టు ఈ తీర్పు ఇచ్చింది ఒక క్రైస్తవ తల్లి వేసిన కేసులోనే. పెంచలేననుకుంటే బాలల సంక్షేమ కమిటీ ముందు బిడ్డను అప్పగించవచ్చు. పెళ్ళికాని తల్లి అయితే ఆమె సంతకం ఒక్కటి చాలు. ఆమె వివరాలు బయటకు రానివ్వరు. సంతకం పెట్టాక కూడా మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువు ఉంది. బాలింత మొదటి వారంలో తీసుకునే నిర్ణయం ఎంత కంగారులో తీసుకుంటుందో మాకు తెలుసు కనుక, నా దృష్టిలో ఈ చట్టంలో అన్నిటికంటే దయగల మాట ఆ రెండు నెలలే. యూసుఫ్‌గూడ దగ్గర మధురానగర్‌లోని ప్రభుత్వ శిశువిహార్ ఇటువంటి పిల్లల కోసమే ఉంది. ఎక్కడైనా వదిలేసిన బిడ్డ కనిపిస్తే ఇంటికి తీసుకుపోయి పెంచుకోవద్దు. 24 గంటల లోపు 1098కి గాని పోలీసులకు గాని చెప్పాలి.

ఇప్పటికే ఇంట్లో పెంచుతున్న పిల్లల మాటేమిటని అడుగుతారు. బంధువుల బిడ్డ అయి, 18 నిండకపోతే, ఈ నెలలోనే నమోదు చేసుకోండి. కన్నవారు లేకపోతే బాలల సంక్షేమ కమిటీ అనుమతితో జరుగుతుంది. బంధువు కాని బిడ్డ అయితే దాచిపెట్టకుండా ఆ కమిటీ దగ్గరికే ముందు వెళ్ళాలి, ఒక మంచి వకీలును వెంటబెట్టుకుని. 18 నిండిన పిల్లలకు ఈ దత్తత దారి ఉండదు. వారి కోసం వీలునామా రాయండి. ఇద్దరు సాక్షుల ఎదుట, పిల్ల పేరు స్పష్టంగా, "మా పెంపుడు కూతురు" అనే రాస్తూ. వీలైతే రిజిస్టరు చేయించండి.