రెండు లెటర్‌హెడ్ల సమావేశం

శ్రీనగర్ కాలనీలోనూ, దాన్ని ఆనుకుని ఉన్న ఎల్లారెడ్డిగూడ, అమీర్‌పేట సందుల్లోనూ నెల్లూరు, ఒంగోలు, కనిగిరి వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ బాప్టిస్టు కుటుంబాలు కనిపిస్తాయి. ఉద్యోగం కోసం వచ్చినవాళ్లు కొందరైతే, పిల్లల కోచింగ్ కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్లు మరికొందరు. మీ కష్టమేమిటని అడిగితే ముందు ఇంటద్దె చెబుతారు, తర్వాత పార్కింగ్ చెబుతారు. టీ తాగడం అయ్యాక కొంచెం గొంతు తగ్గించి వాళ్లే మనల్ని అడుగుతారు: "ఇంతకీ మా సమావేశానికి ఇప్పుడు ప్రెసిడెంటు ఎవరంటారు?"

వాళ్లు అడిగేది సమావేశం ఆఫ్ తెలుగు బాప్టిస్ట్ చర్చెస్ గురించి. 1962లో ఏర్పడిన ఈ సంస్థకు నెల్లూరు కేంద్రం. వాడుకలో ఎస్టీబీసీ అంటారు. ఒకప్పటి అమెరికన్ బాప్టిస్టు మిషన్ సంఘాలు, బళ్లు, ఆసుపత్రులు, స్థలాలు దీని కిందికే వచ్చాయి. బయటివాళ్లకి ఆ ప్రశ్న నవ్వులాటగా ఉంటుంది. కానీ దశాబ్దాలుగా దానికి సూటి జవాబు చెప్పగలిగినవాళ్లు తక్కువ. ఎన్నిక చెల్లదని ఒక కేసు, పదవీకాలం ముగిసిందని ఇంకో కేసు, ఫలానా స్థలం అమ్మే హక్కు నీకెవరిచ్చారని మరో కేసు. ఒక వర్గం వేసిన కమిటీని రెండో వర్గం ఒప్పుకోదు. ఈలోగా రెండో వర్గంలోనే ఇద్దరు ముగ్గురు విడిపోయి వేరే లెటర్‌హెడ్ అచ్చు వేయిస్తారు.

ఇది పెద్దల మధ్యే ఉండిపోతే ఎవరికీ పట్టేది కాదు. కానీ ఇది పెళ్లి పందిట్లోకి వస్తోంది. 1872 నాటి ఇండియన్ క్రిస్టియన్ మ్యారేజ్ చట్టం ప్రకారం బిషప్పు చేతుల మీద అభిషేకం పొందిన గురువుకు పెళ్లి చేయడానికి వేరే లైసెన్సు అక్కర్లేదు. కత్తోలిక్కులకు, సీఎస్ఐ వాళ్లకు ఆ వెసులుబాటు ఉంది. బాప్టిస్టులకు బిషప్పే లేడు కాబట్టి వాళ్ల పాస్టరుకు రాష్ట్ర ప్రభుత్వం లైసెన్సు ఇవ్వాలి. దానికి, ఈయన మా పాస్టరేనని డినామినేషన్ తరఫున ఒక ఉత్తరం కావాలి. ఆ ఉత్తరం మీద ఎవరు సంతకం పెట్టాలి?

ఆ మధ్య కాలనీలో ఒకరింట్లో పెళ్లి మాటలు జరుగుతుంటే నేనూ ఉన్నాను. పిల్ల తల్లి టీచరుగా చేసి రిటైరైంది, పొదిలి వైపు మనిషి. పెళ్లికొడుకు అమెరికా వెళ్లాలి, వీసాకి మ్యారేజ్ సర్టిఫికెట్ కావాలి. పాస్టరుగారు సోఫా అంచున కూర్చుని చేతిలో బైబిలు అటూ ఇటూ తిప్పుతున్నారు. లైసెన్సుకి ఆయన ఒక వర్గం ఉత్తరం పెడితే, రెండో వర్గం అభ్యంతరం రాసి పంపిందట. కాగితం అక్కడే ఆగింది.

"ప్రార్థన నేనే చేస్తానమ్మా, ప్రమాణాలు నేనే చేయిస్తా. రిజిస్టరులో సంతకం మటుకు ఇంకో అయ్యగారితో పెట్టిద్దాం."

"అదేంది అయ్యగారూ, మా పాప పెళ్లి మీద కూడా స్టే తెచ్చారా?"

అందరూ నవ్వారు. పాస్టరుగారూ నవ్వారు, కానీ ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆ పిల్లకి బాల్యంలో బల్లమీద బొమ్మలు పెట్టి సండే స్కూలు పాఠం చెప్పింది ఆయనే. నీళ్లలో ముంచి బాప్తిస్మం ఇచ్చిందీ ఆయనే. చివరికి పెళ్లి రిజిస్టరులో, ఆ ఇంటివాళ్లెవరూ అంతకుముందు చూడని వేరే డినామినేషన్ పాస్టరు పేరు ఉంటుంది.

వీళ్ల పూర్వీకులు ఇంతకంటే కష్టమైన చోట నిలబడ్డవాళ్లే. శామ్యూల్ డే మొదలుపెట్టిన మిషన్ 1840లో నెల్లూరు చేరాక చాలా ఏళ్లు ఎదుగూ బొదుగూ లేకుండా ఉంది. మూసేద్దామా ఉంచుదామా అని అమెరికాలో వాదించుకున్నారు. పటం మీద ఒంటరి చుక్కలా ఉందని దానికి 'లోన్ స్టార్ మిషన్' అని పేరు పెట్టారు. 1866లో జాన్ క్లౌ ఒంగోలు వచ్చారు. యర్రగుంట్ల పేరయ్యలాంటి మాదిగ పెద్దలు ఊరూరా తిరిగి తమవాళ్లకి కొత్త మతం చెప్పారు. అప్పుడే అసలు పరీక్ష వచ్చింది. మాదిగల్ని చేర్చుకుంటే మేం రాము, మా పిల్లల్ని బడికి పంపము అని పైకులాలవాళ్లు చెప్పేశారు. క్లౌ, ఆయన భార్య ఆ రాత్రి వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే భాగం వచ్చిందని ఆయన తన ఆత్మకథలో రాసుకున్నారు. మాదిగల్నే చేర్చుకున్నారు. బడి ఖాళీ అయింది, సంఘం నిలిచింది.

తర్వాత 1876-78 ధాత కరువు. క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకి తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకి కూలి ఇచ్చారు. కూటి కోసం మతంలోకి వచ్చారన్న మాట పడకూడదని, పని నడుస్తున్నన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. చాలామంది మర్చిపోయేదేమిటంటే, ఆ రోజు నీళ్లలో దిగింది క్లౌ కాదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని ముంచి లేపారు. ఎవరి చెయ్యి చెల్లుతుందని ఆ రోజు ఎవరూ అడగలేదు.

మరి ఇప్పుడెందుకు అడుగుతున్నారు? నాయకుల స్వార్థం అనేస్తే తేలిగ్గా తీరిపోతుంది. స్వార్థం లేదని నేననను. కానీ మనుషులు మారినా గొడవ మారలేదంటే, దాని వేరు మనుషులకంటే లోతున ఉన్నట్టే. నాకు తోచినంతలో అది బాప్టిస్టు పద్ధతికీ మన సొసైటీల చట్టానికీ మధ్య ఉన్న ఇరుకులో ఉంది.

బాప్టిస్టు నమ్మకం ప్రకారం ఏ ఊరి సంఘం ఆ ఊరిదే. దాని మీద పైఅధికారి ఉండడు. పాస్టరుని పిలిచేది సంఘం, వద్దనేదీ సంఘం. ఫీల్డ్ (కొన్ని ఊళ్ల సంఘాల కూటమి), అసోసియేషన్, సమావేశం అన్నీ సాయం కోసం కట్టుకున్నవే కానీ పెత్తనానికి కాదు. కాగితం మీద ఇది ప్రజాస్వామ్యం. కానీ ఆస్తి పత్రాలు ఊరి సంఘం పేరున లేవు. మొదట మిషన్ పేరున ఉండేవి, మిషనరీలు వెళ్లిపోతూ తెలుగువాళ్ల పెద్ద సంస్థ చేతికి ఇచ్చారు. అంటే ఆత్మ సంగతి ఊళ్లో, స్థలం సంగతి హెడ్డాఫీసులో. ఆ పెద్ద సంస్థ చట్టం కళ్లకి ఒక సొసైటీ మాత్రమే, ఏ కాలనీ సంక్షేమ సంఘంలాగో.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అమల్లో ఉన్న 2001 నాటి సొసైటీల చట్టం ప్రకారం, సర్వసభ్య సమావేశం అయ్యాక కమిటీ పేర్ల జాబితాని రిజిస్ట్రారుకి దాఖలు చేయాలి. రెండు వర్గాలు రెండు చోట్ల సర్వసభ్య సమావేశం పెట్టి రెండు జాబితాలు తెస్తే? ఎవరిది అసలు కమిటీ అని తేల్చే న్యాయాధికారం రిజిస్ట్రారుకి లేదు. 23వ సెక్షన్ కింద మధ్యవర్తిత్వానికో, జిల్లా కోర్టుకో పొమ్మంటారు. అక్కడ తేలేలోగా ఆ కమిటీ పదవీకాలమే అయిపోతుంది. కొత్త ఎన్నిక వస్తుంది, దాని మీద కొత్త కేసు వస్తుంది. మధ్యలో వచ్చే 'స్టేటస్ కో' ఉత్తర్వుని ఇద్దరూ తమకే అనుకూలమని జెరాక్సులు తీసి సంఘాలకి పంచుతారు. పల్లె పాస్టరు రెండు జెరాక్సులూ బైబిల్లో పెట్టుకుని, ఎవరొస్తే వాళ్లది తీసి చూపిస్తాడు. ఆయన్ని తప్పుపట్టలేం, బతకాలి కదా.

అమెరికాలో సదరన్ బాప్టిస్టుల మధ్య 1979లో మొదలైన పోరు ఇంతకంటే పెద్దది. 1985లో డల్లాస్ సభకి 45 వేలమందికి పైగా ప్రతినిధులు తరలివచ్చారు. అక్కడా కీలకం ప్రెసిడెంటు పదవే. ఆయన వేసే కమిటీ ఇంకో కమిటీని వేస్తుంది, ఆ కమిటీ సెమినరీల బోర్డుల్లోకి సభ్యుల్ని ప్రతిపాదిస్తుంది. వరసగా పదేళ్లు ప్రెసిడెంటు పదవి గెలిస్తే సంస్థలన్నీ చేతికొస్తాయి. ఒక వర్గం అదే చేసింది. అయితే ఆ గొడవ బైబిల్లో పొరపాటు ఉంటుందా ఉండదా అన్న సిద్ధాంతం మీద. ఓడినవాళ్లు 1991లో వేరే ఫెలోషిప్ పెట్టుకున్నారు. ఎవరి గుడి తాళం వాళ్ల దగ్గరే ఉంది, ఎందుకంటే అక్కడ గుడి ఆ సంఘం ఆస్తి. మన దగ్గర ఏ ఇద్దరు నాయకుల్ని కూర్చోబెట్టి అడిగినా ముంపు బాప్తిస్మం మీద, ప్రభువు బల్ల మీద అక్షరం తేడా ఉండదు. తేడా అంతా అధీకృత సంతకం ఎవరిదన్న దాని మీదే.

ఆ సంతకానికి విలువ నేల ఇచ్చింది. మిషనరీలు కొన్నప్పుడు ఊరి బయట ముళ్లకంపల్లో ఉన్న కాంపౌండ్లు ఇప్పుడు ఊరి నడిబొడ్డులో ఉన్నాయి. ఒంగోల్లో క్లౌ పేరున ఉన్న ఆసుపత్రిలో ఒకప్పుడు పురుళ్లు పోసుకున్న కుటుంబాలు కాలనీలో ఉన్నాయి. తర్వాత అది మూతపడడమూ వాళ్లే చూశారు. రామాయపట్నంలో 1870ల నుంచి పాస్టర్లని తయారు చేసిన సెమినరీ సముద్రం పక్కన ఉంది. ఆ ఊరికే ఇప్పుడు పోర్టు వస్తోంది. పోర్టు వస్తే చుట్టుపక్కల ఎకరం ధర ఏమవుతుందో ఆంధ్రావాళ్లకి చెప్పక్కర్లేదు.

దేవాలయ భూమికి దేవాదాయ శాఖ ఉంది, మసీదు భూమికి వక్ఫ్ బోర్డు ఉంది. ఆ భూముల్ని రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింద నిషేధిత జాబితాలో పెట్టొచ్చు, సబ్‌రిజిస్ట్రారు దస్తావేజు వెనక్కి పంపేస్తాడు. చర్చి సొసైటీ భూమికి ఆ అడ్డు లేదు. తీర్మానం ప్రతి, అధీకృత సంతకం ఉంటే చాలు. అలాగని చర్చి మీద ప్రభుత్వ శాఖ పెత్తనం కావాలని నేనడగను. చాలామంది విశ్వాసులూ అడగరు. కానీ అడ్డు లేకపోవడమే ఈ తగువుకి మేత అన్నది కాదనలేం.

సంఘం ఓటర్లంతా గట్టిగా పట్టుబడితే నాయకుల్ని దించలేరా అని ఓ డీకన్‌ని, అంటే సంఘ పెద్దని, అడిగాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది ఇది: ఓటరు కావాలంటే సభ్యత్వ రిజిస్టరులో పేరుండాలి, సంతకం పెట్టాలి. దళిత కుటుంబాల్లో చాలామందికి ఆ సంతకమంటే భయం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడికి ఎస్సీ హోదా ఉండదు, ఇక్కడ బీసీ-సీ కిందికి వస్తాడు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పాస్టరుగా ఉన్న వ్యక్తికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ వర్తించదని చెప్పాక ఆ భయం ఇంకా పెరిగింది. పిల్లవాడి సీటు, ఉద్యోగం ఏమవుతాయోనని ఆదివారం ముందు వరసలో కూర్చునే మనిషి రిజిస్టరు దగ్గరికి రాడు. ఏ సంఘంలో అసలు ఎంతమంది ఉన్నారో, ఓటర్ల జాబితాలో ఎంతమంది ఉన్నారో పొంతన కుదరదు. ఆ ఖాళీలో ఎవరికి కావాల్సిన పేర్లు వాళ్లు రాసుకుంటారు. కులం పేరుతో గెంటేసిన మనుషులు కట్టుకున్న సంఘం, కులం సర్టిఫికెట్ దగ్గర మళ్లీ చిక్కుకుంది. మాల, మాదిగ లెక్కలూ, 2014 తర్వాత ఆంధ్ర, తెలంగాణ లెక్కలూ వీటికి అదనం. 1875లో మిషన్ అడుగుపెట్టిన సికింద్రాబాదు, తర్వాత హనుమకొండ, నల్గొండ వైపు సంఘాలవాళ్లు "నెల్లూరు పెత్తనం మాకెందుకు" అంటే, కాదని నచ్చజెప్పడానికి నెల్లూరులో ముందు ఒక్క గొంతు ఉండాలి కదా.

బిషప్పు ఉంటే బాగుండేదా? సీఎస్ఐ మెదక్ అధ్యక్ష మండలం కోర్టు కేసులు చూసినవాళ్లెవరూ ఆ మాట అనరు. అసలు డినామినేషనే వద్దన్న భక్తసింగ్ స్థాపించిన హెబ్రోను ఆవరణలోనూ రెండు వర్గాలు తలపడ్డాయి. కాకినాడ కేంద్రంగా ఉన్న కెనడియన్ బాప్టిస్టు వారసుల సీబీసీఎన్‌సీకీ ఆస్తుల కేసులు తప్పలేదు. కాలనీ కుర్రాళ్లు ఈ చరిత్రంతా వినే ఓపిక లేక ఆదివారం వేరే పెద్ద చర్చిలకి వెళ్లిపోతున్నారు. పాటలు బాగుంటాయి, పార్కింగ్ ఉంటుంది, ప్రెసిడెంటు ఎవరని అడిగేవాళ్లుండరు. తల్లిదండ్రులకి మాత్రం అది సరిపోదు. వాళ్లకి నారాయణగూడ శ్మశానంలో చోటు అడిగేనాటికి ఉత్తరం రాసిచ్చే సొంత పాస్టరు కావాలి.

నాతో మాట్లాడిన డీకన్ బ్యాంకులో చేసి రిటైరయ్యారు. ఏ వర్గంలోనూ లేరు, అందుకని రెండు వర్గాలకీ ఆయన మీద అనుమానమే. ఆయన చేసే పని ఒక్కటే. తన సొంతూరి మిషన్ కాంపౌండు సర్వే నంబరు డైరీలో రాసి పెట్టుకున్నారు. అప్పుడప్పుడూ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఈసీ (ఆ స్థలం మీద లావాదేవీల జాబితా) తీసి, కొత్త అమ్మకం ఎక్కిందేమో చూస్తారు. ఎక్కితే ఊళ్లోవాళ్లకి ఫోన్ చేసి కోర్టుకి పొమ్మంటారు. మొన్న తీసినదాంట్లో కొత్తగా ఏమీ లేదు. పక్క ఫీల్డ్‌లోని బడి స్థలం నంబరు కూడా సంపాదించారు, దాని ఈసీ ప్రింటు తెచ్చి నాకు చూపిస్తూ ఒక పేరు కింద గీత గీశారు. అది ఏ కమిటీ తరఫున పెట్టిన సంతకమో ఆయనకీ తెలియదు.