పాసింజరు ఆగితేనే పల్లెకు స్టేషను

కాజీపేట - బల్లార్షా రైలు మార్గం మీద పగలనక రాత్రనక బండ్లు నడుస్తూనే ఉంటాయి. ఢిల్లీ, చెన్నై నగరాలను కలిపే ఈ దారిలో సూపర్‌ఫాస్టులు, బొగ్గు వ్యాగన్లు ఒకదాని వెంట ఒకటి పోతుంటాయి. అయితే పొత్కపల్లి, ఓదెల, కొలనూరు, రాఘవపురం, పెద్దంపేట, రేచిని రోడ్డు వంటి చిన్న స్టేషన్ల ప్రజలకు వాటిలో చాలా వాటితో నిమిత్తం లేదు. పాసింజరు ఆగితేనే వారికి స్టేషను ఉన్నట్టు.

నిజాం కాలంలో వేసిన ఈ మార్గం 1929లో పూర్తయింది. దానితో మద్రాసు నుంచి ఢిల్లీకి నేరుగా రైలు దారి ఏర్పడింది. కాజీపేట నుంచి బల్లార్షాకు దూరం సుమారు 234 కిలోమీటర్లు. గోదావరి మీది వంతెన దాటితే పాత కరీంనగర్ జిల్లా పోయి పాత ఆదిలాబాద్ జిల్లా వస్తుంది. రామగుండం విద్యుత్ కేంద్రం, మందమర్రి, బెల్లంపల్లి బొగ్గు గనులు, కాగజ్‌నగర్ కాగితపు మిల్లు అన్నీ ఈ పట్టాల వెంటే వెలిశాయి.

కొత్తగూడెం వైపు నుంచి వచ్చే సింగరేణి పాసింజరు, కాజీపేట నుంచి బయలుదేరే రామగిరి పాసింజరు పేర్లు ఈ ప్రాంతంలో తెలియనివారు అరుదు. బడిపంతుళ్ళు, కాలేజీ విద్యార్థులు, కూరగాయల గంపలతో వచ్చే ఆడవారు, ఆసుపత్రికి పోయే ముసలివారు ఇలాంటి బండ్లనే నమ్ముకుంటారు. రోజూ తిరిగేవారికి నెలవారీ సీజన్ టికెట్టు ఉంది. 150 కిలోమీటర్ల దూరం వరకు దీనిని ఇస్తారు. బస్సు చార్జీతో పోల్చితే ఖర్చు చాలా తక్కువ.

ఈ బండితో ఉన్న చిక్కల్లా సమయమే. వెనుక నుంచి వేగంగా వచ్చే బండికి దారి ఇవ్వవలసి వస్తే పాసింజరును పక్క లైనులోకి మళ్ళించి ఆపుతారు. ముందు బండి వెళ్ళి సిగ్నల్ పడేదాకా కదలడానికి వీలుండదు. అక్కడ అరగంట ఆగితే కూలి మనిషికి పని తప్పుతుంది, విద్యార్థికి మొదటి పాఠం పోతుంది.

కరోనా కాలంలో, 2020 మార్చిలో, పాసింజర్లన్నీ నిలిచిపోయాయి. తిరిగి నడిచినప్పుడు వాటికి ఎక్స్‌ప్రెస్ చార్జీ పెట్టారు. 10 రూపాయలుండే కనీస టికెట్టు 30 రూపాయలయింది. బండి అదే, ఆగే ఊళ్ళు అవే అయినా పక్క స్టేషనుకు పోయే మనిషి మూడింతలు చెల్లించవలసి వచ్చింది. పాత చార్జీ మళ్ళీ అమలులోకి వచ్చింది 2024 ఫిబ్రవరిలోనే.

కరీంనగర్ పట్టణం ఈ ప్రధాన మార్గం మీద లేదు. పెద్దపల్లి నుంచి కరీంనగర్ మీదుగా నిజామాబాద్‌కు వేసే లైనుకు 1993లో పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉండగా శంకుస్థాపన జరిగింది. అది నిజామాబాద్ చేరేసరికి 2017 వచ్చింది. కరీంనగర్ స్టేషనును కొత్త హంగులతో తీర్చిదిద్ది 2025 మే 22న ప్రారంభించారు. భవనం చూడముచ్చటగానే ఉన్నా, ఉదయం పనికి పోయి సాయంత్రం ఇల్లు చేరాలనుకునే వారికి కావలసింది వేళకు వచ్చి పోయే బండి.

కాజీపేట - బల్లార్షా మధ్య మూడవ లైను 2015-16లో మంజూరయింది. మొత్తం దూరం మూడు లైన్లూ అందుబాటులోకి వస్తే గూడ్సు, సూపర్‌ఫాస్టుల కోసం పాసింజరును ఆపవలసిన అవసరం తగ్గుతుంది. అలా మిగిలే వెసులుబాటులో కొంతైనా చిన్న స్టేషన్లకు దక్కేలా, ఉదయం, సాయంత్రం పనివేళలకు సరిపడా పాసింజర్లు నడిపేలా రైల్వే అధికారులు చూడవలసి ఉంది. తొంభై ఏళ్ళకు పైగా తమ పొలాల పక్కనుంచే పోతున్న రైలును పల్లెలవారు కోరుతున్నది ఆ కాస్త ఆగడమే.