తాతగారి కుర్చీకి స్క్రీన్ టెస్ట్!

సినిమాలో జమీందారుగారి హాలు చూపించాలంటే ఏం కావాలి? వంపు తిరిగిన మెట్లు, గోడకి పులితల, మధ్యలో ఓ చెక్క కుర్చీ! అందులో కూర్చోగానే నటుడికి సగం దర్జా దానంతటదే వచ్చేస్తుంది. అలాంటి కుర్చీ వాటాల్లో మీకే వచ్చిందనుకోండి. అన్నయ్యకి పొలం, అక్కయ్యకి నగలు, మీకు... అటకమీది కుర్చీ! పాతసామాన్లవాడు కట్టెల ధరకి అడుగుతున్నాడు. మావయ్యేమో "లక్షలొస్తాయిరా, అమ్మకు!" అంటున్నాడు. ఎవర్ని నమ్మాలి?

ఇద్దర్నీ వద్దు. కుర్చీనే అడగండి. ముందు దాన్ని బోర్లించండి!

పద్నాలుగో నంబరు హీరో

గుండ్రటి సీటు, వీపు దగ్గర ఒకదానిలో ఒకటి ఒదిగిన రెండు వంపు కర్రలు... హైదరాబాద్ ఇరానీ హోటళ్లలో చాయ్ తాగినవాళ్లకి ఈ రూపం కొత్త కాదు. 1972లో వచ్చిన 'క్యాబరే'లో లైజా మినెల్లీ కుర్చీతో నృత్యం చేసిందే, ఆ కుర్చీదీ ఈ వంశమే!

వంశకర్త మిఖాయెల్ టోనెట్. 1796లో జర్మనీలో పుట్టి, తర్వాత వియన్నా చేరాడు. బీచ్ కర్రని ఆవిరిలో మెత్తబరిచి, అచ్చుల్లో వంచి ఆరబెట్టేవాడు. 1859లో వచ్చిన 14వ నంబరు కుర్చీకి ఆరు కర్ర ముక్కలు, పది స్క్రూలు, రెండు నట్లు, అంతే! విడదీసి సర్దితే ఒక్క ఘనమీటరు పెట్టెలో 36 కుర్చీలు పట్టేవి. అందుకే ఓడలెక్కి ప్రపంచమంతా తిరిగింది. 1930 నాటికి సుమారు 5 కోట్లు అమ్ముడయ్యాయి.

అయితే 1869లో పేటెంటు గడువు తీరిపోగానే ఇతర కంపెనీలూ రంగంలోకి దూకాయి. కనక రూపం చూసి పేరు పెట్టెయ్యకండి.

కుర్చీ చెప్పే సాక్ష్యం

సీటు చట్రం లోపలివైపు టార్చి వేసి చూడండి. కంపెనీ ముద్రో, కాగితం చీటీయో ఉండొచ్చు. అందులో 'చెకోస్లొవేకియా' అని ఉందా? ఆ దేశం పుట్టిందే 1918లో. మావయ్య "1880 నాటిది" అంటే నవ్వి ఊరుకోండి!

తలమీద ప్లస్ గుర్తున్న స్క్రూలు 1930లలో వచ్చాయి. అవి కనిపిస్తే కుర్చీ అయినా తర్వాతిది కావాలి, రిపేరైనా జరిగి ఉండాలి. సీటు పేము అల్లిక చిల్లుల్లోంచి చేత్తో అల్లిందా, గాడిలో నొక్కిన మిషను అల్లికా చూడండి. సీట్లు మారుస్తూంటారు కాబట్టి ఆ ఒక్కదాన్నిబట్టి వయసు తేల్చకూడదు.

మీది చేతులు బారుగా సాగిన టేకు పడక కుర్చీ అయితే ముద్ర దొరక్కపోవచ్చు. అలాంటివెన్నో మన వడ్రంగులే చేశారు. అక్కడ కర్ర, అతుకుల పనితనం, చేతులు ఆనించిన చోట సహజమైన అరుగుదల చూడాలి.

మరి ధరెంత?

వయసొక్కటే ధర కాదండోయ్! కోట్లలో తయారైన వస్తువు పాతదైనా అరుదైనది కాదు. ముద్ర, అసలు పాలిష్, విరగని కాళ్లు ఉంటే విలువ పెరుగుతుంది. జోడీగానో, ఆరింటి సెట్టుగానో ఉంటే ఇంకా మంచిది. కొనేవాణ్ణే విలువ కట్టమనకండి. కొననివాడు ఒకడు, కొనేవాళ్లు ఇద్దరు చెప్పిన లెక్కలు పోల్చుకోండి. దుకాణంలో అమ్మే ధర వేరు, మీ చేతికొచ్చే ధర వేరు!

అన్నిటికంటే ముఖ్యం: దానికి మేకప్ వెయ్యకండి! గరుకు కాగితంతో రుద్ది వార్నిష్ కొడితే మెరుపొస్తుంది గానీ, పోయిన పాత పాలిష్ మళ్లీ రాదు. చిల్లుల కింద తాజా పొడి రాలుతోందా? పురుగు ఇంకా బతికే ఉంది. ముందు దాని సంగతి చూడండి.

వందేళ్లు నిండి పురావస్తువు లెక్కలోకొస్తే, 1972 నాటి చట్టం ప్రకారం సొంతంగా విదేశాలకి పంపకూడదు. అమెరికా బాబాయికి పార్సెలు కట్టేముందు ఆ సంగతి కనుక్కోండి.

ఇక చివరిపని. తాతగారు అందులో కూర్చున్న ఫోటో ఆల్బంలో ఉందేమో వెతకండి. ఎవరు కొన్నారు, ఏ ఊళ్లో, ఎన్నాళ్ల కిందట... బామ్మనడిగి ఈ వారమే కాగితం మీద రాసుకోండి. అమ్మితే ఆ కాగితం ధరకి పనికొస్తుంది. ఉంచుకుంటే రేపు మీ పిల్లలకి ఆ కబుర్లు చెప్పడానికి బామ్మ ఉండకపోవచ్చు.