గద్ద, డేగ, గరుడపక్షి: పేర్లు, చుట్టరికాలు

ఇంగ్లీషులోని ‘ఈగిల్’కు తెలుగు మాట ఏది అని తరగతిలో అడిగితే మూడు నాలుగు జవాబులు వస్తవి. ఒకరు గద్ద అంటారు; ఒకరు డేగ అంటారు; మరొకరు గరుడపక్షి అంటారు; రాబందు అనేవారు కూడ ఉండవచ్చును. నిఘంటువు తెరిచినా సందేహం పూర్తిగా తీరదు. ఇందుకు తెలుగు భాషను తప్పు పట్టనక్కరలేదు. చిక్కు ‘ఈగిల్’ అనే మాటలోనే ఉన్నది. ఆ చిక్కు విప్పి చూస్తే, ప్రాణులకు పేరు పెట్టడం వేరు, వాటిని వర్గీకరించడం వేరు అని బోధపడుతుంది. ఈ తేడా పరీక్షలకు మాత్రమే పనికివచ్చేది కాదు. మన దేశంలో కొన్ని పక్షుల బ్రతుకు దీనితో ముడిపడి ఉన్నది.

మన మాటలు

ముందుగా మనకున్న మాటలను చూద్దాం. ఊళ్ళమీద గిరికీలు కొడుతూ, కోడిపిల్లలను తన్నుకొనిపోయే ముదురు గోధుమరంగు పక్షిని గద్ద అంటాం. దాని తోక చివర నడుమ కొద్దిగా నొక్కినట్లుండి, రెండు పాయలుగా కనబడుతుంది. ఈ మాట సంస్కృతంలోని ‘గృధ్ర’ శబ్దానికి తద్భవమని చెప్తారు. పాలిభాషలో అది ‘గద్ధ’ అయినది. హిందీలో ‘గిద్ధ్’ అయినది. కాని హిందీవారి గిద్ధ్ మన రాబందు! ఒకే మూలంనుంచి వచ్చిన మాట ఒక భాషలో ఒక పక్షికి, మరొక భాషలో మరొక పక్షికి అంటుకొన్నది. రామాయణంలోని జటాయువు గృధ్రరాజు. అతడు గద్దా, రాబందా అని మనవారిలో వచ్చే వాదానికి కారణం ఇదే.

డేగ అనేది వేటకు పెట్టిన పేరు. పిట్టలను తరిమి పట్టుకొనే పక్షి ఏదైనా డేగే. పూర్వం రాజులు, జమీందారులు మచ్చికచేసి వేటకు వాడిన పక్షులలో సాళువము ఒకటి. విజయనగరాన్ని పాలించిన సాళువ నరసింహరాయల వంశనామంలో ఈ మాటే ఉన్నది. ఇక ఇటుకరంగు రెక్కలు, తెల్లని తల, తెల్లని రొమ్ము కలిగి, చెరువుల పైన, సముద్రతీరాన తిరిగే పక్షి గరుడపక్షి. దానిని చూచి దండం పెట్టుకొనేవారు నేటికీ ఉన్నారు. రాబందు కళేబరాలను తిని బ్రతికే పెద్ద పక్షి.

మన పూర్వులు ఈ పక్షులను ఎంత నిశితంగా గమనించినదీ జెర్డన్ రచనలవల్ల తెలుస్తుంది. టి. సి. జెర్డన్ మద్రాసు సైన్యంలో వైద్యుడు. కొంతకాలం నెల్లూరులో పనిచేశాడు. 1862-64లో వెలువడిన ‘బర్డ్స్ ఆఫ్ ఇండియా’ గ్రంథంలో ఆయన అనేక పక్షులకు తెలుగు పేర్లను కూడ చేర్చాడు. పాములను పట్టి తినే పక్షి ‘పాముల గద్ద’. కుందేళ్ళను కొట్టేది ‘కుందేలు సాళువ’. పేరు వినగానే పక్షి చేసే పని తెలుస్తుంది. వేటగానికి, కోళ్ళు పెంచేవారికి ఇంతకంటె మంచి పేరు అక్కరలేదు.

లిన్నేయస్ కట్టిన పద్దు

అయితే ఒక ఊరి పేరు మరొక ఊరివారికి తెలియదు. ప్రపంచమంతటికీ ఒకే పేరు కావాలని స్వీడన్ దేశీయుడైన లిన్నేయస్ ప్రతి ప్రాణికీ రెండు మాటల పేరు పెట్టాడు. మొదటి మాట ప్రజాతిని, రెండవది జాతిని తెలుపుతుంది. 1758లో వచ్చిన ఆయన గ్రంథం పదవ కూర్పులో కొక్కెపు ముక్కు ఉన్న పక్షులన్నీ ఒకే క్రమంలో ఉన్నవి. రాబందులు, గుడ్లగూబలు కూడ అందులోనివే. గద్దలు, డేగలు, ఈగిళ్ళు అన్నిటినీ ఆయన ‘ఫాల్కో’ అనే ఒకే ప్రజాతిలో ఉంచాడు. ఐరోపా, ఆసియా, ఉత్తర అమెరికా కొండలలో నివసించే బంగారు గద్దకు ఆయన పెట్టిన పేరు ‘ఫాల్కో క్రైసేటస్’. 1760లో బ్రిస్సన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ‘ఎక్విలా’ అనే ప్రజాతిని ఏర్పరచాడు. నేడు ఆ పక్షి ‘ఎక్విలా క్రైసేటస్’. ఎక్విలా అంటే లాటిన్ లో గద్ద. క్రైసేటస్ అంటే గ్రీకులో బంగారు గద్ద. పేరులో గద్ద రెండుసార్లు వచ్చినదన్నమాట!

లిన్నేయస్ కాలంలో వర్గీకరణకు ఆధారం రూపం. ముక్కు, గోళ్ళు, రెక్కలు చూచి గుంపు కట్టేవారు. 1859లో డార్విన్ గ్రంథం వెలువడిన తరువాత వర్గీకరణకు మరొక అర్థం వచ్చినది. ఒకే గుంపులో ఉన్న ప్రాణులు ఒకే పూర్వికునినుంచి వచ్చినవై ఉండాలి. అంటే వర్గీకరణ ఒక వంశవృక్షం కావాలి.

ఇక్కడే కష్టం. పోలిక ఉన్నంతమాత్రాన చుట్టరికం ఉండనక్కరలేదు. రెండు కత్తెరలు ఒకే రూపంలో ఉన్నవని, అవి ఒకే కొలిమిలో తయారైనవని చెప్పగలమా? కోసే పని ఒకటే కనుక రూపమూ ఒకటే అయినది. మాంసం చీల్చి తినే పక్షికి కొక్కెపు ముక్కు కావాలి. ఎరను పట్టడానికి వాడిగోళ్ళు కావాలి. వేర్వేరు వంశాలలో పుట్టిన పక్షులు ఈ సాధనాలను వేర్వేరుగా సంపాదించుకొనవచ్చును.

డి. ఎన్. ఎ. చెప్పిన సంగతి

తల్లిదండ్రులనుంచి బిడ్డలకు సంక్రమించే డి. ఎన్. ఎ.లో మార్పులు తరతరాలుగా పోగుపడతవి. రెండు జాతుల డి. ఎన్. ఎ.లను పోల్చితే అవి ఎంత దగ్గరివో అంచనా కట్టవచ్చును. ఈ పద్ధతి వలన పాత పద్దులు చాలా మారినవి.

మొదటి మార్పు డేగలది. మన వాడుకలో శిక్రా డేగ, భైరి డేగ రెండూ డేగలే. శిక్రా గద్దల కుటుంబంలోనిది. భైరి ‘ఫాల్కన్’లలో ఒకటి, దాని పై ముక్కు అంచున పన్నువంటి చిన్న మొన ఉంటుంది. ఎరను గోళ్ళతో పట్టి, మెడ కొరికి చంపుతుంది. ఫాల్కన్లు గద్దలకు జ్ఞాతులని చాలాకాలం అనుకొన్నారు. 2008లో ప్రకటించిన ఒక పెద్ద పరిశోధనలో అవి చిలుకలకు, పిచ్చుకలవంటి పక్షులకు దగ్గరివని తేలినది. తరువాతి పరిశోధనలూ దీనినే బలపరచినవి. నేడు ఫాల్కన్లకు ప్రత్యేకమైన క్రమమే ఉన్నది.

రెండవ మార్పు ‘ఈగిల్’ది. ఇంగ్లీషులో ఈగిల్ అనబడే పక్షులు 60కి పైగా ఉన్నవి. అవన్నీ ఒకే కొమ్మకు చెందినవి కావు. ఎక్విలా ప్రజాతిలోని పక్షులకు కాళ్ళమీద వ్రేళ్ళ మొదళ్ళవరకు ఈకలు ఉంటవి. సముద్రపు ఈగిళ్ళకు కాలి క్రిందిభాగం బోడిగా ఉంటుంది. అమెరికావారి తెల్లతల ఈగిల్, మన కోస్తాలో కనబడే తెల్లపొట్ట సముద్రపు ఈగిల్ ఈ రెండవ తెగవి. వీటికి దగ్గరి చుట్టాలు ఎవరనుకొన్నారు? బంగారు గద్ద కాదు. మన ఊళ్ళమీద తిరిగే గద్ద, గరుడపక్షి! కావున సముద్రపు ఈగిల్ ను తెలుగులో గద్ద అన్నవారు వంశవృక్షం తెలియకపోయినా తప్పు చెప్పలేదు.

శాస్త్రనామాలు కూడ శాశ్వతం కావు. జెర్డన్ వ్రాసిన కుందేలు సాళువను 1822లో ఎక్విలా ప్రజాతిలో చేర్చారు. తరువాత దానిని అక్కడినుంచి తీసి ‘హియరేయేటస్’లో పెట్టారు. 2005లో వచ్చిన డి. ఎన్. ఎ. పరిశోధనల దరిమిలా అది తిరిగి ఎక్విలాలోకి వచ్చినది. కొత్త సాక్ష్యం దొరికినప్పుడు పద్దు దిద్దుకొనడం శాస్త్రానికి ఉన్న బలం.

చుట్టరికం ఎందుకు తెలియాలి?

‘ఏ పేరైతేనేమి, ఏ కుటుంబమైతేనేమి?’ అని విద్యార్థులు అడగవచ్చును. జవాబు మన రాబందుల చరిత్రలో ఉన్నది.

వీపు క్రిందిభాగం తెల్లగా ఉండే రాబందులు ఒకప్పుడు దేశమంతటా వేలకువేలు ఉండేవి. 1992-2007 మధ్య అవి నూటికి 99కి పైగా నశించినవి. కారణాన్ని 2004లో ప్రకటించారు. పశువుల నొప్పులకు, వాపులకు ఇచ్చే డైక్లోఫెనాక్ అనే మందే ఆ కారణం. మందు ఇచ్చిన కొద్దిరోజులలోనే చనిపోయిన పశువును రాబందులు తింటే వాటి మూత్రపిండాలు చెడిపోతవి. రక్తంలో యూరిక్ ఆమ్లం పెరిగి, కాలేయము, గుండె మొదలైన అవయవాలమీద తెల్లని పొడిలా పేరుకొంటుంది. 2006లో పశువైద్యానికి ఈ మందు తయారుచేయడాన్ని భారత ప్రభుత్వం నిషేధించినది.

అప్పుడు వచ్చిన ప్రశ్న ఇది: ఈ విషం ఇంకా ఏ పక్షులను చంపుతుంది? రూపాన్నిబట్టి చెప్పాలంటే మొదట అనుమానించవలసినవి అమెరికా రాబందులు. బోడితల, కళేబరాల తిండి, అన్నీ మన రాబందులవంటివే. కాని వంశంలో అవి వేరు కుటుంబం. 2008లో ప్రకటించిన ప్రయోగంలో, మన రాబందులను చంపే మోతాదుకు నూరురెట్లు మించి ఇచ్చినా టర్కీ రాబందు అనే అమెరికా పక్షికి ఏమీ కాలేదు.

మరొకవైపు చూడండి. స్టెప్పీ ఈగిల్ ఎక్విలా ప్రజాతిలోనిది; మధ్య ఆసియానుంచి చలికాలంలో మన దేశానికి వస్తుంది. దాని తలనిండా ఈకలే. చూపుకు అది రాబందువలె ఉండదు. అయినా అది రాబందులున్న కుటుంబంలోనిదే. రాజస్థాన్ లో పశువుల కళేబరాలు పారవేసేచోట చచ్చిపడిన రెండు స్టెప్పీ ఈగిళ్ళ శరీరాలలో డైక్లోఫెనాక్ ఉన్నదని, రాబందులలో కనబడిన మార్పులే వాటి అవయవాలలోనూ ఉన్నవని 2014లో ప్రకటించారు. రూపం ఒకటైన పక్షి బ్రతికినది. రూపం వేరైనా చుట్టరికం ఉన్న పక్షి చచ్చినది. ఒకే కుటుంబంలోని జాతులన్నీ ఒకే తీరుగా స్పందిస్తవని దీని అర్థం కాదు. కాని అపాయాన్ని ఎక్కడ మొదట వెదకవలెనో చుట్టరికం తెలుపుతుంది.

బడిలో చేయదగిన పని

ఉపాధ్యాయులు విద్యార్థులచేత ఒక చిన్న పని చేయించవచ్చును. బడి మైదానంనుంచి కనబడే వేటపక్షిని ‘గద్ద’ అని మాత్రం వ్రాసి వదలక, నాలుగు లక్షణాలు గుర్తించమనండి. తోక చివర నొక్కు ఉన్నదా, గుండ్రంగా ఉన్నదా? తల ఏ రంగు? ఎగిరేటప్పుడు రెక్కలు చాచి తేలుతున్నదా, వేగంగా కొట్టుకొంటున్నదా? చనిపోయినదానిని తింటున్నదా, ప్రాణమున్నదానిని పట్టుకొంటున్నదా? తోకకు నొక్కు ఉంటే ఊరిగద్ద. తల తెల్లగా, ఒళ్ళు ఇటుకరంగుగా ఉంటే గరుడపక్షి. దాని తోక చివర గుండ్రంగా ఉంటుంది.

తేదీ, స్థలం, ఊరివారు చెప్పే పేరు కూడ వ్రాయించండి. ఊరిపేరు పక్షి అలవాటును చెప్తుంది. శాస్త్రనామం దాని వంశాన్ని చెప్తుంది. ఒక గ్రామంలో రాబందును గద్ద అని వ్రాసుకొంటే, అక్కడ రాబందులు మిగిలి ఉన్న సంగతి ఎవరికీ తెలియకుండాపోతుంది. 2013లో తెలంగాణలోని బెజ్జూరు అడవులలో పాలరాపు కొండచరియమీద పొడుగుముక్కు రాబందులు కనబడినవి. వాటిని రక్షించే ప్రయత్నం మొదలుకావాలంటే, అవి గద్దలు కావని, రాబందులని గుర్తించినవారు ముందుగా ఉండాలి. పిల్లల నోటుపుస్తకంలో సరిగా పడిన ఒక పేరుకు అంత విలువ ఉన్నది.