చిన్న వ్యాపారానికి ఈ-మెయిల్ వార్తాలేఖ

1978 మే 3న అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ ఉద్యోగి గ్యారీ థ్యూర్క్, ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్ ద్వారా దాదాపు 400 మందికి ఒకే ప్రకటన పంపారు. అది కావాలని వారెవరూ అడగలేదు. అందుకే స్పామ్‌కు, అంటే అడగకుండా వచ్చిపడే ఈ-మెయిల్‌కు, దాన్ని తొలి ఉదాహరణగా చెబుతారు.

వార్తాలేఖ దీనికి పూర్తిగా భిన్నం. 'పంపండి' అని అడిగినవారికి, పనికొచ్చే సమాచారంతో, చెప్పిన సమయానికి వెళ్లే ఉత్తరం అది. దాన్ని ఎలా రాయాలో ఒక ఉదాహరణతో తెలుసుకుందాం. యాదాద్రి భువనగిరి జిల్లా పుట్టపాకలో తేలియా రుమాలు నేసే ఒక కుటుంబం చిన్న దుకాణం నడుపుతోందనుకోండి.

మొదటి మెట్టు చిరునామాలు. బిల్లు కోసం ఇచ్చిన చిరునామాకు వార్తాలేఖ పంపకూడదు. విడిగా అనుమతి అడగాలి. ఇష్టం లేనివారు మానుకునే దారి ప్రతి ఉత్తరం చివరా ఉండాలి. సమ్మతిని ఇచ్చినంత తేలికగానే వెనక్కి తీసుకోగలగాలన్నది మన దేశంలో 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలోని సూత్రం కూడా.

రెండోది శీర్షిక. 'బంపర్ ఆఫర్! త్వరపడండి!' అన్న శీర్షికలో సమాచారం ఏముంది? 'ఈ నెల మగ్గం దిగిన మూడు కొత్త రుమాళ్లు' అని రాస్తే లోపల ఏముందో వెంటనే తెలుస్తుంది. శీర్షికలో ఒక మాట, లోపల మరో మాట ఉంటే పాఠకుడు రెండోసారి మోసపోడు.

మూడోది విషయం. ఒక ఉత్తరానికి ఒకే ముఖ్యాంశం చాలు. తేలియా రుమాలు నూలును నూనెతో, ఆముదపు కాయల బూడిదతో శుద్ధి చేస్తారు. పడుగు, పేక రెండింటినీ ముందే కట్టి రంగు అద్దుతారు. నేసేటప్పుడు రెండింటిలోని రంగులూ సరిగ్గా కలిస్తేనే బొమ్మ తేలుతుంది. ఈ నాలుగు మాటలు చదివినవారికి ధర ఎందుకు ఎక్కువో వేరే చెప్పనక్కర లేదు. చివర ఒకే పని సూచించండి: 'కావలసిన రంగు తెలుపుతూ జవాబు రాయండి.'

నాలుగోది చేరవేత. ఉత్తరం ఇన్‌బాక్స్‌కు వెళ్లాలా, స్పామ్ ఫోల్డర్‌కు వెళ్లాలా అన్నది మెయిల్ సంస్థలు నిర్ణయిస్తాయి. వారు చూసేవాటిలో పాఠకుల ఫిర్యాదులు ముఖ్యమైనవి. 2024 ఫిబ్రవరి నుంచి అమలైన జీమెయిల్ నిబంధనల ప్రకారం స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు. అంటే వెయ్యి ఉత్తరాలకు మూడు! ఇక్కడే చిన్న వ్యాపారికి అసలు ప్రమాదం ఉంది. పేరు ఒకసారి చెడితే అదే చిరునామా నుంచి పంపే బిల్లులు, ఆర్డర్ల జవాబులు కూడా స్పామ్‌లో పడవచ్చు. అడగని వెయ్యిమందికి రాయబోయి, అడిగిన వందమందినీ పోగొట్టుకున్నట్లవుతుంది.

చివరిది కొలత. ఉత్తరంలో కంటికి కనిపించనంత చిన్న బొమ్మ పెట్టి, అది లోడ్ అయితే 'తెరిచారు' అని లెక్కించే పద్ధతి ఒకటుంది. అయితే 2021లో ఆపిల్ తెచ్చిన గోప్యతా సదుపాయం, పాఠకుడు ఉత్తరం తెరవకపోయినా, ఆ బొమ్మను ముందే దింపుకుంటుంది. సాధనం తప్పు చూపిస్తున్నప్పుడు దాని అంకెను నమ్మడం శాస్త్రీయం కాదు. వచ్చిన జవాబులు, ఆర్డర్లు, మానుకున్నవారి సంఖ్య లెక్కించండి.

ఇప్పుడొక అభ్యాసం. మీ ఊరిలోని ఒక దుకాణం కోసం 120 మాటల్లో వార్తాలేఖ రాయండి. ఆ దుకాణంలో ఎన్నడూ కొనని ఒకరికి చదవడానికి ఇవ్వండి. 'వచ్చే నెల కూడా పంపు' అని వారంతట వారే అడిగితే మీ ఉత్తరం నెగ్గినట్లే.