పొగమంచులో దారి చూపు దీపము



నేను ఫిలింనగరులో కాపురముండి, చిత్రనిర్మాణశాలలలో దీపములమర్చు పనితో జీవించువాడను. నేడు నేను మనవి చేయబోవునది చలనచిత్రముల మాట కాదు. మోటారుకారునకు పొగమంచు దీపములు, అనగా జనులు ఫాగ్ లైట్లని పిలుచునవి, మనమే బిగించుకొనుట యెట్లన్నది. అయినను నా వృత్తికిని దీనికిని చుట్టరికము లేకపోలేదు.

కొన్నేండ్ల క్రిందట పుష్యమాసమున, చిత్రీకరణకై తెల్లవారుజామున జూబ్లీహిల్స్ నుండి బయలుదేరి విజయవాడ దారిని పోవుచుంటిమి. కారు నడుపుచున్నవాడను నేనే. చౌటుప్పల్ దాటిన పిదప మంచు క్రమ్ముకొన్నది. దారి కనబడునను ఆశతో హెడ్‌లైట్ల వెలుగును పైకెత్తితిని. ఎదుట తెల్లని గోడ లేచి నిలిచినట్లయినది. ఆ గోడలోనుండి, వెనుక దీపము లేని ట్రాక్టరు తొట్టి యొకటి హఠాత్తుగా బయటపడినది. కారు దానికి మూరెడు దూరమున ఆగినది. లోపల మేము అయిదుగురము.

నిత్యము దీపములతో మెలగు నాకు ఆ గోడ యేమిటో ముందే తెలిసియుండవలసినది. స్టూడియోలో వెలుగు స్తంభమువలె కనబడవలెనన్నచో మేము పొగ వదలుదుము. పొగలోని కణములు వెలుగును నలువైపులకు చెదరగొట్టును గనుకనే అది కంటికి కనబడును. చిత్రము తీయువానికి కావలసినది అదే. కారు నడుపువానికి గిట్టనిదియు అదే. మంచుబిందువులు మన దీపపు వెలుగును మన కన్నులలోనికే త్రిప్పికొట్టును. దీపపు బలము హెచ్చినకొలది గోడయు దట్టమగును.

కావున ఫాగ్ లైటు గుణము దాని బలమున లేదు. వెలుగును పరచు తీరున నున్నది. అది నేలకు దగ్గరగా నుండి, పై అంచు కోసినట్లున్న వెడల్పైన వెలుగును దారిమీద పరచును. పసుపుపచ్చని వెలుగు మంచును చీల్చునని పలువురు నమ్ముదురు. మంచుబిందువు సాధారణముగా మిల్లీమీటరులో నూరవవంతు పరిమాణము గలది. వెలుగు తరంగము దానికన్న పదునైదు, ఇరువది రెట్లు చిన్నది. అంత పెద్ద బిందువు ఏ రంగునైనను ఇంచుమించు ఒకే రీతిని చెదరగొట్టును.

ఇక బిగించు పద్ధతి. ముందుగా బ్యాటరీ నెగటివు తీగను విప్పవలెను. దీపములను బంపరు క్రిందిభాగమున, రెండు ప్రక్కల సమానమైన యెత్తున బిగింపవలెను. 55 వాట్ల హాలోజన్ దీపములు రెండైనచో మొత్తము 110 వాట్లు. 12 వోల్టుల బ్యాటరీనుండి 9 ఆంపియర్లకు పైగా విద్యుత్తు ప్రవహించును. నేను తొలిసారి దీనిని లెక్కింపక, సన్నని తీగతో నేరుగా స్విచ్చికే కలిపితిని. అరగంటలో స్విచ్చి మెత్తబడి కమురువాసన కొట్టినది. కావున రిలే తప్పనిసరి. బ్యాటరీనుండి వచ్చు తీగకు, బ్యాటరీ చెంతనే 15 ఆంపియర్ల ఫ్యూజు తగిలించి, రిలేలో 30 అను కొనకు కలుపవలెను. 87 నుండి దీపములకు. 86 నుండి స్విచ్చికి. 85ను రంగు గీకిన శుభ్రమైన ఇనుముకు. ఇనుపరేకులో తీగ దూరు చోట రబ్బరు తొడుగు వేయనిచో అంచు ఒరసి తీగ తెగును. కంప్యూటరుతో నడచు క్రొత్తకార్లలో మాత్రము ఉన్న తీగలను కోయక, తయారీదారులిచ్చు సామగ్రినే వాడుట మేలు.

నా రెండవ తప్పు ఇంతకన్న పెద్దది. దీపములు ఠీవిగా నుండునని వానిని కారు కప్పుపై బిగించితిని. జూబ్లీహిల్స్ దారులు కొండదారులు. ఎత్తు ఎక్కునపుడు ఆ వెలుగు ఎదుటివాని కన్నులలో పడును. ఒక రాత్రి ఎదురుగా వచ్చు స్కూటరువాడు కన్నులు మూసికొని దారి తప్పి, గుట్టరాతి ప్రక్క ఒరిగిపోయినాడు. మోకాలికి దెబ్బ తగిలినది. "అన్నా, నీకు దారి కనబడినది గదా, నాకేది?" అన్నాడు. బదులు చెప్పలేకపోయితిని. మరునాడే దీపములను క్రిందికి దింపితిని.

వాహనమునకు 8 మీటర్ల దూరమున, 1.5 మీటర్ల యెత్తున నున్న కన్నును ముందుదీపము మిరుమిట్లు గొలుపరాదని 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమావళి చెప్పుచున్నది. సరిచూచుకొనుట సులభము. చదునైన నేలపై గోడకు 8 మీటర్ల దూరమున కారు నిలిపి, దీపపు నడిమి యెత్తును గోడపై గుర్తింపుడు. వెలుగు పై అంచు ఆ గుర్తుకన్న 10 సెంటీమీటర్లు దిగువన పడవలెను.

మంచు విడినంతనే ఈ దీపములను ఆర్పుడు. మంచులో వేగము తగ్గింపుడు. ఏ దీపమును ఆ పని మనకు బదులు చేయజాలదు. మన దీపము మనకు దారి చూపవలెను గాని, ఎదుటివాని దారిని చీకటి చేయరాదని మనవి చేసి విరమించుచున్నాను.