గురికిని గుండుకును నడుమ

జొన్నచేలో మంచెపై నిలిచి పిట్టలను తోలు కావలివాని సంగతి మనకు తెలిసినదే. దగ్గరి కంకిపై పిట్ట వ్రాలినచో వాడు వడిసెలరాయిని ఇంచుమించు సూటిగా విసరును. చేని ఆవలి గట్టున వ్రాలిన గుంపుపైకి విసరవలసి వచ్చినప్పుడు చేయి కొంత పైకెత్తును. ఎంత ఎత్తవలెనో వానికెవరును లెక్క చెప్పలేదు. దూరము పెరిగినకొలది రాయి క్రిందికి దిగునని వాని చేతికే తెలియును. రైఫిలుపై దుర్భిణి నమర్చి గురి సరిచూచుటలోని మూలసూత్రము ఈ ఎత్తిన చేతిలోనే యున్నది.

దుర్భిణి యున్నచో గురి తప్పదని పలువురు తలచెదరు. అది చేయు పనులు రెండే. దూరమున నున్న వస్తువును దగ్గరగా చూపును; అడ్డగీతయు నిలువుగీతయు కలియు చోటును ఆ వస్తువుపై నిలుపుకొననిచ్చును. మన చూపు తిన్నని గీత. గుండు అట్లు కాదు. గొట్టమును విడిచిన క్షణము నుండియు భూమి దానిని తనవైపునకు లాగుచునే యుండును. కనుక అది వంగిన దారిని పోవును. తిన్నని చూపునకును వంగిన దారికిని ఒకానొక దూరమున పొత్తు కుదుర్చుటయే గురి సరిచూచుట.

విసరిన వస్తువు పోవు దారి పరావలయమను వక్రరేఖ యని గెలీలియో 1638లో వెలువడిన గ్రంథమున నిరూపించెను. గాలి అడ్డగింపు లేనిచో అది నిజము. గాలి గుండును ఎంతగా అడ్డగించునో కొలిచి చూపినవాడు ఇంగ్లండు దేశస్థుడు బెంజమిన్ రాబిన్స్. గుండును వ్రేలాడు లోలకమునకు తగులనిచ్చి, అది ఊగిన మేరను బట్టి ఆయన గుండు వేగమును కనుగొనెను. ఆయన గ్రంథము 1742లో వెలువడెను.

ఒక ఉదాహరణమును తీసికొందము. ఎన్.సి.సి. శిక్షణలో మన పిల్లలు పట్టు 0.22 అంగుళపు రైఫిలు గుండు సెకనుకు సుమారు 320 మీటర్లు పోవుననుకొందము. 50 మీటర్లు దాటుటకు దానికి సెకనులో ఆరవవంతు కూడ పట్టదు. అంతలోనే అది 12 సెంటీమీటర్లు క్రిందికి దిగును. 100 మీటర్లు పోవుటకు కాలము రెట్టింపగును. దిగుడు మాత్రము నాలుగింతలై దాదాపు అర మీటరగును. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

ఇక దుర్భిణి గొట్టమునకు సుమారు 4 సెంటీమీటర్లు పైన కూర్చుండును. కనుక గొట్టమును చూపురేఖకంటె రవంత పైకి వంచి యుంచవలెను. 50 మీటర్లకు సరిచూచిన అట్టి రైఫిలులో గుండు చూపురేఖకు దిగువన బయలుదేరి, సుమారు 17 మీటర్ల వద్ద దానిని దాటి పైకి పోవును. 25 మీటర్ల వద్ద ఒక సెంటీమీటరు పైన నుండును. 50 వద్ద మరల రేఖను కలియును. తరువాత దిగుటయే: 75 మీటర్ల వద్ద 7 సెంటీమీటర్లు, 100 వద్ద 20 సెంటీమీటర్లు. గాలి అడ్డగింపును చేర్చినచో దిగుడు ఇంకను కొంచెము హెచ్చును.

సరిచూచు పద్ధతి యిది. రైఫిలును ఇసుకసంచిపై కదలకుండ ఆనించి, ఒకే చోటికి గురిపెట్టి మూడు నుండి ఐదు గుండ్లు పేల్చవలెను. ఒక్క గుండు చేతివణకు వలన తప్పవచ్చును. కావున ఆ రంధ్రముల గుంపునకు నడిమిచోటునే లెక్కించవలెను. అది గురికి దిగువన నున్నచో దుర్భిణిపై మరను పైవైపు గుర్తునకు త్రిప్పవలెను. కొన్ని దుర్భిణులలో ఒక్కొక్క ‘టిక్కు’నకు 100 మీటర్ల వద్ద ఒక సెంటీమీటరు జరుగును; 50 వద్ద అర సెంటీమీటరే. ఏలయనగా మర మార్చునది కోణమును. 50 నుండి 100 మీటర్లకు మారుటకు పై లెక్కను ఇరువది టిక్కులు. మరల 50కి వచ్చినప్పుడు వెనుకకు త్రిప్పుట మరచినవాని గుండు గురికి 10 సెంటీమీటర్లు పైనుండి పోవును. అందుచేతనే అనుభవజ్ఞులు ఏ దూరమునకు ఎన్ని టిక్కులో పుస్తకమున వ్రాసికొందురు. తూటాల రకము మారినచో ఆ లెక్క మరల చూడవలసినదే.

గురి తప్పిన గుండు అక్కడనే ఆగిపోదు. ఈ చిన్న గుండు సైతము ఒక కిలోమీటరుకు మించి పోగలదు. గురి వెనుక ఎత్తైన మట్టికట్ట లేని తావున, సరిచూచుటకైనను, ఒక్క గుండు పేల్చరాదు. దుర్భిణిలో కనబడునది ఒక చిన్న వలయము. దాని వెలుపల ఎవరున్నారో అది చూపదు.

ఒలింపిక్ రైఫిలు పోటీలలో దుర్భిణికి అనుమతి లేదు. సన్నని రంధ్రముగుండ గురిచూతురు. 50 మీటర్ల గురిలో పది మార్కుల వలయపు వ్యాసము 10.4 మిల్లీమీటర్లు, 10 మీటర్ల గురిలో అర మిల్లీమీటరే. ఆ 10 మీటర్ల పోటీలోనే హైదరాబాదున పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండనులో కాంస్యపతకమును గెలిచెను. అట్టివారును పోటీకి ముందు, లెక్కకు రాని గుండ్లతో ఆనాటి గురిని సరిచూచుకొనిన పిమ్మటనే మొదలిడుదురు.

శిబిరము నుండి వచ్చిన మీ పిల్లవాడు “నా గురి సరిగానే యున్నది, తుపాకియే చెడ్డది” అనినచో వానిని వెంటనే కోపపడవలదు. అది ఎంత దూరమునకు సరిచూచిన తుపాకియో, తాను ఎంత దూరమున నిలిచి పేల్చెనో అడుగుడు. తప్పు వానిదియు తుపాకిదియు కాక, ఆ రెండు దూరముల నడుమనే యుండవచ్చును.